మీకు తెలుసా? తూటా సన్నబడింది, సిపాయి గొణిగాడు

బంగారం తక్కెడలో తూటా

నిర్మల్ బజారులో ఏ బంగారం కొట్టుకు పోయినా తులమంటే పది గ్రాములు. ఈ వారం ఆ తక్కెడలో తూటాలు తూద్దాం. 1850ల దాకా ఈస్టిండియా కంపెనీ సిపాయి భుజాన ఉన్న బ్రౌన్ బెస్ తుపాకి గుండు ఉత్త సీసపు గోళీ. బరువు మూడు తులాల పైచిలుకు. దాని వెనక వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో సీసం మూడున్నర తులాలకు కొంచెం తక్కువ. 1890ల నాటి త్రీనాట్‌త్రీ బుల్లెట్ ఒకటిన్నర తులం లోపే. మన సైన్యం 1990లలో చేతపట్టిన ఇన్సాస్ రైఫిల్‌ది నాలుగు గ్రాములు, అంటే అర తులం కూడా కాదు. ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల రైఫిల్ పోటీకి వాడేది రెండున్నర గ్రాముల పైన ఓ పిసరు. ఓ జత చిన్న కమ్మల బరువు.

నూటడెబ్బై ఏళ్లలో తూటా ఇంతగా చిక్కిపోయింది. చిక్కిన ప్రతిసారీ దాన్ని పేల్చేవాడు ఏదో ఒకటి అన్నాడు. ఎక్కువసార్లు గొణుక్కుని ఊరుకున్నాడు. ఒకసారి మాత్రం తుపాకినే దొరవైపు తిప్పాడు. ఆ ఒక్కసారి రేగిన మంట సెగ మూడేళ్లకు మన నిర్మల్ మర్రిచెట్టు దాకా వచ్చింది.

సన్నబడింది, తేలిక పడలేదు

పైన తూకం చూసి మీకు అనుమానం రావాలి. బ్రౌన్ బెస్ గొట్టం లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌ది 14.7. గొట్టం సన్నబడితే గుండు బరువు తగ్గాలి కదా, పెరిగిందేం?

ఎందుకంటే గోళీ ఆకారం పోయింది. ఎన్‌ఫీల్డ్‌లో పడేది మొన తేలిన పొడుగాటి సీసం ముక్క. గుండ్రాయి పోయి చిన్న రోకలి వచ్చిందనుకోండి. అడ్డం తగ్గినా పొడవు పెరిగింది. గాలిని చీల్చుకుని పోయేది తక్కువ, మోసుకుపోయే బరువు ఎక్కువ. బ్రౌన్ బెస్‌తో వంద గజాలు దాటిన మనిషిని కొట్టడం కొట్టినవాడి గొప్పా, పడ్డవాడి దురదృష్టమా అన్నట్టుండేది. ఎన్‌ఫీల్డ్ గురికమ్మీ మీద తొమ్మిది వందల గజాల దాకా గీతలు గీసి ఇచ్చారు.

బొంగరం సంగతి

రైఫిల్ అంటే లోపల గాడులు ఉన్న తుపాకి. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మూడు గాడులు, మెలిక తిరుగుతూ ఉంటాయి. 78 అంగుళాలకు ఒక చుట్టు. గొట్టం పొడవు 39 అంగుళాలు. అంటే బుల్లెట్ లోపల తిరిగేది సరిగ్గా సగం చుట్టు. ఆ సగం చుట్టు చాలు, బయటపడ్డాక బొంగరంలా తిరుగుతూ తల వాల్చకుండా పోతుంది. తిరగని బొంగరం ఎలా పడిపోతుందో, గాడులు లేని తుపాకిలోంచి వచ్చిన గోళీ అలా ఎటో ఒకవైపు పోతుంది.

గాడులు కొత్తవేం కాదు. అంతకు ముందూ ఉన్నాయి. కాకపోతే గుండు గాడులను పట్టుకోవాలంటే గొట్టానికి బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటే మూతి దగ్గర్నుంచి కొట్టి కొట్టి లోపలికి దింపాలి. వేటగాడికి పర్వాలేదు, నక్క ఆగుతుంది. యుద్ధంలో ఎదుటివాడు ఆగడు. ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ మీనియే 1840ల చివర్లో దీనికో ఉపాయం చెప్పాడు. బుల్లెట్ గొట్టం కంటే కాస్త సన్నగా ఉంటుంది, జారుకుంటూ దిగుతుంది. దాని అడుగు బోలుగా ఉంటుంది. మందు పేలగానే ఆ బోలు విచ్చుకుని గాడులను కరుచుకుంటుంది. దిగేటప్పుడు సన్నం, వచ్చేటప్పుడు లావు.

అసలు కథ పావు మిల్లీమీటరుది

1857 సిపాయిల తిరుగుబాటు గురించి బడిలో మనకు చెప్పింది ఆవు కొవ్వు, పంది కొవ్వు. అసలు తూటాకు కొవ్వెందుకు అని ఏ సారూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడిగితే సమాధానం పావు మిల్లీమీటరు.

బ్రౌన్ బెస్ గొట్టం 0.75 అంగుళం, గోళీ 0.69. మధ్య ఖాళీ ఒకటిన్నర మిల్లీమీటరు. తుపాకి మందు కాలాక గొట్టంలో మసి పొక్కు కడుతుంది. అంత ఖాళీ ఉంటే మసి పట్టినా గోళీ గలగలా దిగుతుంది. ఎన్‌ఫీల్డ్ గొట్టం 0.577 అంగుళం, బుల్లెట్ 0.568. మధ్య ఖాళీ దాదాపు పావు మిల్లీమీటరు. పదీ పదిహేను సార్లు పేల్చేసరికి మసి ఆ సందును పూడ్చేస్తుంది. బుల్లెట్ దిగదు. కాబట్టి జిడ్డు కావాలి. బుల్లెట్ చుట్టూ ఉన్న కాగితాన్ని మైనం, కొవ్వు కలిపిన జిడ్డులో ముంచి తీశారు.

సన్నని గొట్టం, బిగువైన బుల్లెట్, మసి, జిడ్డు. మత ద్రోహమని సిపాయికి కనిపించినది దొర కంటికి గొట్టంలో దూరే కొలత మాత్రమే. ఎవరి కన్ను వారిది.

నోటితో ఎందుకు?

అప్పట్లో తూటా అంటే ఇత్తడి గొట్టం కాదు, కాగితం పొట్లం. కిళ్లీ కొట్లో పొడి మడిచిచ్చినట్టు ఓ కొసన మందు, ఓ కొసన బుల్లెట్. ఎడమ చేతిలో తుపాకి, కుడి చేతిలో పొట్లం. చింపడానికి మూడో చెయ్యి లేదు కనక పళ్లతో చింపేవారు. మందును గొట్టంలో పోసి, పొట్లం తిరగేసి బుల్లెట్ కొసను మూతిలో పెట్టి, మిగతా కాగితం తుంచి పారేసి, ఇనుప కడ్డీతో లోపలికి దిగ్గొట్టాలి. జిడ్డు రాసింది బుల్లెట్ కొసన. పళ్లతో చింపేది మందు కొసన. ఆ తేడా చెప్పి ఒప్పించడానికి దొరలు శాయశక్తులా చూశారు. జిడ్డు కాగితం ఒక కొసనే ఆగుతుందా? ఎండాకాలం బెల్లం పొట్లం చూసినవాళ్లెవరూ నమ్మరు.

ఏ జంతువు కొవ్వు అన్నదానికి కంపెనీ దగ్గరే జవాబు లేదు. కొవ్వు సరఫరా చేసిన కాంట్రాక్టులో ఫలానా జంతువుది వద్దని రాయనే లేదు. ఈ ముప్పును బెంగాల్ సైన్యం అడ్జుటంట్ జనరల్ కర్నల్ టక్కర్ 1853లోనే కాగితం మీద పెట్టాడు. కాగితం ఫైల్లోకి పోయింది. మన ఆఫీసుల తీరు మనం కనిపెట్టింది కాదన్నమాట.

డమ్‌డమ్, జనవరి 1857

కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో కొత్త రైఫిల్ నేర్పే శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడి కార్ఖానాలో పనిచేసే ఓ తక్కువ కులం మనిషి దాహమేసి ఓ బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగాడు. సిపాయి మైల అన్నాడు. రేపు ఆవు కొవ్వు, పంది కొవ్వు కొరుకుతావు, అప్పుడేమవుతుంది నీ మడి అని ఆ మనిషి అన్నాడట. ఈ కథ అప్పటి అధికారుల ఉత్తరాల్లోనే ఉంది. నాకైతే ఈ మొత్తం చరిత్రలో అందరికన్నా సూటిగా మాట్లాడినవాడు ఆయనే అనిపిస్తుంది. ఆ ఉత్తరాల్లో పేరు మాత్రం లేదు.

కబురు కంటోన్మెంట్లన్నీ చుట్టింది. జనవరి ముగిసేలోపే జిడ్డు లేని తూటాలివ్వండి, సిపాయిలే తమకిష్టమైన నెయ్యో మైనమో రాసుకుంటారు అని ఉత్తర్వొచ్చింది. మార్చిలో శిక్షణ కేంద్రం మేజర్ బాంటీన్ ఇంకోటి సూచించాడు. నోటితో వద్దు, వేళ్లతో చింపమందాం అని. కవాతు పద్ధతే మార్చేశారు. సిపాయిలు ఏమనుకున్నారు? తప్పు లేకపోతే ఎందుకు మారుస్తారు అనుకున్నారు. అటు కొవ్వు పోయి కాగితం మీద పడింది అనుమానం. ఇదేంటి, కాగితం మెరుస్తోంది? జిడ్డు పట్టించారా?

ఒద్దన్నది పాత తూటానే!

ఇది చాలామందికి తెలియదు. మీరట్‌లో 1857 ఏప్రిల్ 24న మూడో అశ్విక దళంలో తొంభై మందిని వరుసలో నిలబెట్టి తూటాలు పట్టుకోమన్నారు. 85 మంది ముట్టుకోలేదు. వాళ్లకిచ్చినవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, ఎప్పట్నుంచో వాడుతున్న పాత రకం. ఆ రోజు కవాతు పెట్టిందే వేళ్లతో చింపే కొత్త పద్ధతి చూపించి వాళ్ల భయం పోగొడదామని. అంతకు ముందు ఫిబ్రవరి 26న బెంగాల్‌లోని బర్హంపూర్‌లో పంతొమ్మిదో పటాలం కాదన్నవీ అలాంటివే. మర్నాటి కవాతుకు బుల్లెట్ లేని ఉత్త మందు తూటాలు, వాటికి కావాల్సిన టోపీలు. పొట్లాల కాగితం రెండు రంగుల్లో కనబడింది. అంతే, చెయ్యి చాపలేదు.

మీరట్ వాళ్లకు కోర్టు మార్షల్, ఎక్కువమందికి పదేళ్ల కఠిన శిక్ష. మే 9న అందరి ముందూ సంకెళ్లు వేశారు. మే 10 సాయంత్రం మీరట్ మండింది.

అందరూ ఒకేలా అనలేదన్నది కూడా చెప్పాలి. అంబాలాలో కొందరు గూర్ఖాలు ఆ జిడ్డు తూటాలే మాకివ్వండి, తూర్పు నుంచి వచ్చిన పూర్బియా సిపాయిల పక్కన మమ్మల్ని కలపకండి అని అడిగి తీసుకున్నారు. లండన్‌లో ప్రతిపక్ష నాయకుడు డిజ్రాయెలీ ఆ జులైలో పార్లమెంటులో మాట్లాడుతూ, రాజ్యాలు లేవడం, పడిపోవడం జిడ్డు తూటాల వల్ల జరిగే పని కాదు, కారణాలు పోగుపడి ఉంటాయి అన్న అర్థంలో చెప్పాడు. అంతదూరంలో కూర్చున్నవాడికి కనబడింది.

టోపీ అంటే?

పైన టోపీలన్నాను. తలకు పెట్టుకునేవి కావు. ఎన్‌ఫీల్డ్ తుపాకి వెనక చిన్న మొటిమలాంటి గొట్టం ఉంటుంది. దానికి రాగిటోపీ తొడుగుతారు, లోపల దెబ్బ తగిలితే పేలే మందు చిటికెడు. సుత్తి దాని మీద పడితే నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీలో జరిగేదీ అదే, కాకపోతే అందులో ముందుకు పోయేది ఏమీ లేదు, పొగా చప్పుడూ తప్ప. చిన్నప్పుడు రీలు అయిపోతే మిగిలిన బిళ్లలు రాయితో కొట్టి పేల్చేవాళ్లం. ఎన్‌ఫీల్డ్ సూత్రం అప్పుడే తెలిసిపోయిందని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు.

'తిలంగా' ఎవరు?

మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిన సిపాయిలను అక్కడి జనం ఏమన్నారో తెలుసా? తిలంగాలు. నిజానికి వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ వైపు బ్రాహ్మణులు, రాజపుత్రులు. తెలుగు ముక్క రాదు. కానీ పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు మద్రాసు వైపు నుంచి, తెలుగు కోస్తా నుంచి తొలి పటాలాలను కవాతు నేర్పి తయారుచేసుకుని బెంగాల్‌కు తీసుకుపోయారు. ఎర్రకోటు తొడిగి వరుసలో నడిచేవాణ్ని ఉత్తరాదివాళ్లు మొదట చూసింది తెలుగువాణ్నే. అప్పట్నుంచి ఏ ఊరివాడైనా కంపెనీ సిపాయి అయితే తిలంగాయే. మన పేరు అంతదూరం పోయింది, మనుషులు మాత్రం మద్రాసు సైన్యంలోనే ఉండి ఆ ఏడాది చాలావరకు కదలలేదు.

బుల్దానా నుంచి కోఠీ దాకా

తూటా గొడవ మన నిజాం రాజ్యానికి ఎలా వచ్చింది? 1857లో హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఉండేది. ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషువాళ్లది. ఉత్తరాన సిపాయిల మీదికి పోవాలంటే మేం పోమని దాని అశ్విక దళంలో కొందరు ఎదురు తిరిగారు. బుల్దానా నుంచి జమేదార్ చీదాఖాన్ తనవాళ్లతో హైదరాబాద్ చేరితే పట్టుకుని ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీకి అప్పజెప్పారు. విడిపించాలని జులై 17 సాయంత్రం తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలనే పఠాన్ సిపాయిలు, పట్నం జనం కోఠీలోని రెసిడెన్సీ మీద పడ్డారు. రాత్రంతా కాల్పులు. తెల్లారేసరికి ఫిరంగుల ముందు ఆగలేకపోయారు.

మౌల్వీ అండమాన్‌కు పోయాడు. తుర్రేబాజ్‌ఖాన్ జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర తుపాకి గుండుకు పడిపోయాడు. నిర్మల్ నుంచి హైదరాబాద్‌కు పోయేటప్పుడు నలభై నాలుగో నంబరు రహదారి మీద వచ్చే తూప్రానే అది. బస్సు అక్కడికి చేరేసరికి సగం మంది నిద్రలో ఉంటారు.

వెయ్యి ఉరుల మర్రి

చెదిరిన రోహిల్లాలు అడవి పట్టారు. ఇటు గోదావరి ఒడ్డున, సహ్యాద్రి కొసల్లో ఉన్న గోండులకు అప్పటికే తమ గొడవ తమకుంది. అడవి మీద, భూమి మీద పెరుగుతున్న పరాయి పెత్తనం గొడవ. రామ్‌జీ గోండు, రోహిల్లాల నాయకుడు హాజీ కలిశారు. నిర్మల్ చుట్టుపక్కల నిజాం అధికారులకూ, ఇంగ్లీషు సైన్యానికీ నిద్రలేకుండా చేశారు.

రామ్‌జీకి పళ్లతో చింపే తూటాతో పనిలేదు, ఎవరి మడీ ఆయనకు అడ్డం రాలేదు. ఈ సంగతి ముఖ్యం. మీరట్ సిపాయి కులం పోతుందని లేచాడు, రోహిల్లా కొలువు పోయిందని లేచాడు, గోండు ఊరు పోతుందని లేచాడు. ముగ్గురినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది ఎదుట ఉన్నవాడే.

1860లో రామ్‌జీ పట్టుబడ్డాడు. ఊరి చెరువు గట్టున మర్రిచెట్టుకు ఆయన్నీ ఆయనతో ఉన్నవాళ్లనూ ఉరి తీశారు. మొత్తం వెయ్యి మంది అని తరాలుగా చెప్పుకుంటున్నారు. ఏప్రిల్ 9న ఇక్కడ ఆయన్ను తలుచుకుంటారు. చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు పడింది. కొందరి నోట అదే వెయ్యి ఊడల మర్రి అయింది. మర్రికి ఊడలుండటం సహజం కాబట్టి నాలుక అటు జారుతుంది. ఉరికీ ఊడకూ మధ్య ఉన్న తేడా మాత్రం ఈ ఊరికి తెలుసు.

చెట్టును ఎవరూ కొట్టలేదు. 1995లో గాలివానకు కూలింది.

నిర్మల్‌కు ఆయుధం కొత్త కాదు

కొయ్యబొమ్మల ఊరని మనల్ని అందరూ అంటారు, బాగానే ఉంది. కానీ పద్దెనిమిదో శతాబ్దంలో ఊరి చుట్టూ కోట బురుజులు లేచినప్పుడు ఫ్రెంచి ఇంజనీర్ల చెయ్యి పడింది, ఫిరంగులు పోతపోసిన కాలమూ ఉంది. శ్యాంగఢ్ కోట ఎక్కితే ఆ బురుజు గుండ్రదనం చూడగానే ఇది ఫిరంగుల కాలం కట్టడమని తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అనే పేరు కూడా ఇలాంటిదే, మూసారాం అని మనం పిలుచుకున్న ఫ్రెంచివాడు రేమండ్ పెట్టిన ఫిరంగుల పోతగది అది.

ఇంకా వెనక్కి పోతే ఉక్కు. గోదావరికి అవతల కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. డమాస్కస్ కత్తులకు ఆ ఉక్కే. 1820లలో ఆ కొలిమిని చూసి రాసిన వాయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త, ఖనిజం వచ్చేది ఎక్కణ్నుంచో కూడా రాశాడు. అందులో మన దిమ్మదుర్తి పేరుంది.

గాడులు చెరిపేసిన తుపాకి

1857 అయిపోయాక ఇంగ్లీషువాళ్లు తూటా మార్చారు, మంచిదే. కొవ్వు పోయి తేనెమైనం వచ్చింది. 1859లో బుల్లెట్‌ను 0.55 అంగుళానికి దించారు. పావు మిల్లీమీటరు సందు బాగా పెరిగింది. తమ సొంత సోల్జర్లే మండుటెండలో బుల్లెట్ దిగక అవస్థపడ్డారు మరి.

ఇంకో మార్పు కూడా చేశారు, అది అంతగా చెప్పుకోరు. ఇండియన్ సిపాయికి ఎన్‌ఫీల్డ్ ఇచ్చారు. చూడటానికి అదే తుపాకి, అదే కర్ర. లోపల మాత్రం గాడులు లేవు. గొట్టాన్ని 0.656 అంగుళానికి తొలిచి నున్నగా చేశారు. పైన రైఫిల్, లోన పాత తుపాకి. ఇక నుంచి సిపాయి చేతిలో ఆయుధం దొర చేతిలోదానికంటే ఒక మెట్టు కింద ఉండాలని లెక్క. పళ్లతో చింపే గొడవంటూ తర్వాత రాలేదు, 1860ల చివరికి ఇత్తడి తూటా వచ్చేసింది.

మళ్లీ డమ్‌డమ్

1880ల చివర్లో ఇంగ్లీషు సైన్యం ఒక్కసారిగా 11.4 మిల్లీమీటర్ల మార్టినీ హెన్రీ నుంచి 7.7కు దిగింది. అదే త్రీనాట్‌త్రీ. బుల్లెట్ సగం కంటే తక్కువ బరువు, పైన గట్టి లోహపు తొడుగు. ఈసారి గొణిగింది సిపాయి కాదు, దొర. 1895లో వాయవ్య సరిహద్దున చిత్రాల్ దండయాత్రలో, బుల్లెట్ దూసుకుపోయినా పఠాన్ ఆగట్లేదు, ముందుకే వస్తున్నాడు అని ఫిర్యాదులు.

జవాబు ఎక్కడ తయారైంది? డమ్‌డమ్ కార్ఖానాలోనే. కెప్టెన్ బెర్టీ క్లే బుల్లెట్ మొన దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటపెట్టాడు. తగిలాక విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. 1899 హేగ్ సమావేశంలో దాన్ని యుద్ధంలో వాడకూడదని ప్రకటన చేశారు. ఒకే ఊరు, నలభై ఏళ్ల తేడాలో, సన్నని తూటా మీద రెండు గొడవలకు పుట్టిల్లు. ఇవాళ కలకత్తాకు విమానంలో పోతే దిగేది ఆ ఊళ్లోనే.

చట్టం కోసం లావెక్కిన తూటా

తూటా చరిత్రంతా చిక్కిపోవడమే అనుకుంటే ఒక్కచోట అది ఒళ్లు చేసింది. సైన్యం వాడే త్రీనాట్‌త్రీ తూటా పౌరుల చేతికి చిక్కకూడదని మన దేశంలో పౌరులకు ఆ కొలతను నిషేధించారు. వేటకూ ఆత్మరక్షణకూ లైసెన్సు ఉన్నవాడికి మరి ఏమివ్వాలి? 0.315 అంగుళం. అంటే 8 మిల్లీమీటర్లు, త్రీనాట్‌త్రీ కంటే ఓ నూలుపోగు ఎక్కువ. సైన్యం తూటా దొంగిలించినా అందులో పనికిరాదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఆ కొలతకే రైఫిళ్లు చేస్తూ వచ్చాయి.

మన అడవుల్లో వినబడే 'భర్మార్'కు ఈ కొలతలేవీ లేవు. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి అది, 1857కు ముందటి పద్ధతే. గొట్టం ఎంతుంటే అంత.

పడెయ్యదు, గాయం చేస్తుంది

మన సైన్యం 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ నుంచి 1990లలో 5.56 ఇన్సాస్‌కు మారింది. తేలికైన తూటా కనక జవాను ఎక్కువ మోసుకుపోవచ్చు, భుజానికి తన్ను తక్కువ. ఎదుటివాణ్ని గాయపరిస్తే వాణ్ని మోయడానికి ఇంకో ఇద్దరు తప్పుకుంటారన్న లెక్క కూడా దాని వెనక చెప్పేవారు. ఆ లెక్క అవతలి సైన్యం తనవాణ్ని మోసుకుపోతేనే పనిచేస్తుంది. చావడానికే వచ్చిన మిలిటెంట్ విషయంలో జవాన్లు అన్నది ఒకటే: పడెయ్యట్లేదు. అచ్చం చిత్రాల్ మాట. 1999 కార్గిల్ చలిలో ప్లాస్టిక్ మేగజీన్లు పగిలాయన్న ఫిర్యాదులు వేరే.



2019లో మన రక్షణ శాఖ 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరిచ్చింది. వాటి కొలత? 7.62. అమేథీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే 203ది కూడా 7.62, తూటా కొంచెం పొట్టి. లావైన తూటా తిరిగొచ్చింది. అమెరికా సైన్యం కూడా 2022లో 6.8కు ఎగబాకింది.

ఇక మన గురిగాళ్లు

ఇన్సాస్ తూటా, పోటీల్లో వాడే పాయింట్ 22 తూటా వెడల్పులో దాదాపు ఒకటే, 5.56, 5.6. పక్కపక్కన పెడితే బంధువులని కూడా అనుకోరు. మొదటిది సెకనుకు తొమ్మిది వందల మీటర్ల పైన పోతుంది, రెండోది ధ్వని వేగం దగ్గరే ఆగుతుంది. ఈ రెండోది 1887లో అమెరికాలో పుట్టింది, ఇప్పటికీ అదే ఆకారం.

హైదరాబాద్ గగన్ నారంగ్‌కు 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది ఇంకా చిన్నది, పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళిక, బరువు అర గ్రాము. అక్కడ గురి మధ్య చుక్క అర మిల్లీమీటరు. ఆయన పాయింట్ 22తో యాభై మీటర్లూ కొట్టాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఇరవై అయిదు మీటర్ల పిస్టల్‌లో పేల్చేదీ ఆ తూటానే.

ఈ పోటీ షూటర్లు తూటా మీద ఏమంటారు? కొవ్వు గురించి అడగరు, పడేస్తుందా అని అడగరు. ఏ పెట్టెది, ఏ బ్యాచ్‌ది అని అడుగుతారు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటా అయినా ఈ నెల చేసినది ఒక రైఫిల్‌కు నప్పుతుంది, పోయిన నెలది నప్పదు. అందుకే రైఫిల్‌ను బిగించి, రకరకాల బ్యాచ్‌లు పేల్చి చూసి, నచ్చిన బ్యాచ్ వేలల్లో కొనిపెట్టుకుంటారు. తూటా మీద జిడ్డు పూత ఇప్పటికీ ఉంటుంది. వేళ్లకు అంటుతుంది, తుడుచుకుంటారు.

యాభై మీటర్ల గురిలో పదికి పది ఇచ్చే వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు. 1857లో అంత గొడవ చేసిన 'సన్నని' ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ అడ్డం 14.4. తెచ్చి ఆ వలయం మీద పెడితే వలయం కనబడదు.